రాగం తీసిన రాక్ అండ్ రోల్ గాయకుడు

మా అన్న కడపలో ఇంగ్లిషు లెక్చరరు. పాత అమెరికా రాక్ అండ్ రోల్ పాటలంటే పిచ్చి. సీడీలు వచ్చాక కూడా అరిగిన క్యాసెట్లే వినేవాడు. ఒక వేసవిలో ఆ తొలినాటి గాయకుల మీద తెలుగులో సంగీత నాటకం రాసి, తనే గిటారు పట్టుకుని, నన్ను కర్నూలు నుంచి రమ్మన్నాడు. మండుటెండలో బస్సెక్కి పోయాను.

నాలుగింటికని చెప్పిన నాటకం ఐదున్నరకూ మొదలుకాలేదు. ముఖ్య అతిథి "రాక్ అంటే రాయి, మన సీమలో రాళ్లకేం కొదవ" అని ఎత్తుకుని సాగునీళ్ల దాకా పోయాడు.

నాటకంలో ఒక పేద గాయకుడి పాటను ఇంకొకడు రికార్డు చేసి పేరు తెచ్చుకుంటాడు. ఆ పేద గాయకుడి వేషాన్ని బనగానపల్లె నుంచి వచ్చిన యాభై ఏళ్ల పద్యనాటకాల నటుడికిచ్చాడు అన్న. అంత గొంతు ఇంకెవరికీ లేదట.

రేడియోలో తన పాటను ఇంకొకడి గొంతులో విని ఆయన హుషారుగా పాడుతూ చిందెయ్యాలి. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని రాగం తీశాడు. అన్న గిటారు మీద ఎత్తుగడ రెండుసార్లు వాయించాడు. ఆయన పట్టించుకోలేదు. పెళ్లి బ్యాండు నుంచి తెచ్చిన డ్రమ్ముల మనిషి కర్రలు ఒళ్లో పెట్టుకుని చూస్తున్నాడు. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

చివరికి అన్న మైకులోనే అనేశాడు. "ఆపప్పా. ఇది పద్యనాటకం కాదు."

ఆయన ఆపాడు. "సారూ, వాని పాట ఇంకొకడు ఎత్తుకపోయినాడని మీరే రాసినారు. వాడు ఎగురుతాడా, ఏడుస్తాడా?"

"పాడనీప్పా" అన్నారు వెనక నుంచి ఎవరో.

అన్న గిటారు కుర్చీకి ఆనించి తెర వెనక్కి పోయాడు. నేనూ వెళ్లాను. ఖాళీ సోడా పెట్టె మీద కూర్చుని ఉన్నాడు.

"రెండు నెలలు నేర్పించినానే" అన్నాడు.

"నేర్పినావు సరే. ఆయప్ప అడిగినదానికి జవాబుండాదా నీ దగ్గర?"

ఇంతలో రాగం ముగిసి డ్రమ్ములు అందుకున్నాయి. జనం తాళం వేస్తున్నారు. గిటారు లేకుండానే పాట సాగిపోతోంది. అది భరించలేకేమో, అన్న లేచి వెళ్లి రెండో చరణంలో కలిశాడు, తప్పు శ్రుతిలో.

అయ్యాక బయట ఆ నటుడు తువ్వాలుతో రంగు తుడుచుకుంటూ అడిగాడు. "ఎట్లుండాదిమ్మా?"

"రాగం శానా పొడుగైంది" అన్నాను, విసుగు దాచుకోకుండా.

"సగానికి తగ్గించినానమ్మా" అన్నాడాయన, నొచ్చుకుని.