గంప ఎత్తిన చేతులు

బొమ్మను పగలగొడతారన్న కబురు కొత్తపేటలోని మా ఇంటికి మొదట తెచ్చింది పాలు పోసే సూరమ్మగారు.

"బొమ్మకి మోకాళ్ల దాకా చీరేంటని అక్కడ ఊరంతా గొడవండీ. రేపే సుత్తులేసేత్తారంట," అన్నారు.

సముద్రం ఒడ్డు ఊళ్లో మా నాన్న నిలబెట్టిన సిమెంటు బొమ్మ అది. తల మీద చేపల గంపతో ఉన్న ఆడమనిషి. ఇప్పటికీ తడి సిమెంటు వాసన తగిలితే నాకు ఆ కబురే గుర్తొస్తుంది.

ఆ బొమ్మ చేతులు అమ్మవి. ఖాళీ గంప ఎత్తుకుని అమ్మ మూడు రోజులు నిలబడితే నాన్న చూసి చేశారు. చివర్న, దేవుడి విగ్రహాలకు చేసినట్టే, దణ్ణం పెట్టుకుని కళ్లు దిద్దారు. కళ్లు దిద్దాక బొమ్మకు ప్రాణం వస్తుందని, నాకు ఇంట్లోనే చదువు చెప్పిన నాయనమ్మ చెప్పింది. అందుకే సుత్తి అక్కడ పడితే దెబ్బ ఇక్కడ అమ్మ చేతులకు తగులుతుందనుకున్నాను.

మర్నాడు పొద్దుటి నుంచి అమ్మ చెయ్యి వదల్లేదు.

"వదలవే, అన్నం వార్చాలి."

"విరిగిపోతాయమ్మా."

నాయనమ్మ నవ్వలేదు. వచ్చి అమ్మ రెండో చెయ్యి పట్టుకుంది. "ఇది నేను చూసుకుంటాలే," అంది నాతో.

"బావుందండీ, ఇవాళ అందరికీ పస్తే," అంది అమ్మ.

మధ్యాహ్నం నాన్న బొమ్మ దగ్గర్నుంచి గోనెసంచితో వచ్చారు. అందులో విరిగిన సిమెంటు వేళ్లు. గబగబా అమ్మ వేళ్లు లెక్కపెట్టాను. పదీ ఉన్నాయి. దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. నాన్న అన్నం కలిపి, ముద్ద ఎత్తకుండానే లేచిపోతే ఆకలి లేదేమో అనుకున్నాను.

అమ్మను కాచిన దేవుడికి ఇప్పటికీ దణ్ణమే. దెబ్బ ఎవరి చేతులకు తగిలిందో తెలియడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. మీ ఊళ్లో ఏ బొమ్మ కనిపించినా, మా నాన్నను ఒకసారి తలుచుకోండి.