కాళ్ల మీద బిడ్డ

“...ముక్కులో నూనె పోయకుంటే జలుబు ఎట్ల పోతాదే?”

“డాక్టరమ్మ వద్దనింది కదమ్మా, ఊపిరికి అడ్డం పడతాదంట!”

తల్లి అంబుజంతో వాదిస్తూనే అభినయ పీట మీద కూర్చుని కాళ్లు చాపింది. స్పిన్నింగ్ మిల్లులో తెగిన నూలును రెప్పపాటులో అతికే ఆ వేళ్లు, తొలిచూలు బిడ్డను ఎత్తాలంటే మాత్రం ఇన్నాళ్లూ ముందుకొచ్చేవి కావు. ఎక్కడ జారిపోతుందోనని భయం. రోజూ ఇంటికొచ్చి బిడ్డకు స్నానం చేయించే కనకం ఇవాళ చేతులు కట్టుకుని పక్కన నిలబడింది. అభినయ బిడ్డను కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, మెడ కింద అరచెయ్యి ఆనించి, నీళ్ల వేడి చూసి చెంబు వంచింది. బిడ్డ కెవ్వుమంది. ఆమె ఆగలేదు. చంకలు, తొడల మడతలు కడిగి, గుడ్డలో చుట్టి గుండెకు హత్తుకునేసరికి ఏడుపు ఆగిపోయింది. “చూసినావామ్మా?” అంది తలెత్తి.

అంబుజం కనకం వైపు తిరిగింది. “అక్కా, రేపటినుంచి మీరు రావద్దు. నా కూతురే బిడ్డకు నీళ్లు పోస్తాది.”