బాబాయ్ మార్చిన పైపు

రాయపూర్ శివారు భన్‌పురిలో బాబాయ్ షెడ్డులో నేను ఐదేళ్ళు పని చేశాను. మాకు రక్తసంబంధం లేదు. మా నాన్నదీ ఆయనదీ శ్రీకాకుళం పక్క ఒకే ఊరు. నాన్న రాయపూర్ వచ్చి రైల్వేలో చేరితే, ఆయన ఇంజన్లు బాగుచేసే షెడ్డు పెట్టాడు. ఆ చనువుతోనే బాబాయ్ అనేవాణ్ణి.

చేపల కాంట్రాక్టరు ఒకాయనకు డ్యామ్ నీళ్ళలో పడవ ఉండేది. దాని వెనక తగిలించే మోటారు పాతది. నెమ్మదిగా పోనిస్తే బాగానే పోయేది. స్పీడు పెంచితే మాత్రం నాలుగు నిమిషాల్లో గొంతు నొక్కినట్టు నీరసపడిపోయేది. షెడ్డులో నీళ్ళ డ్రమ్ములో పెట్టి తిప్పితే ఏ రోగమూ కనపడేది కాదు. పడవ బరువు లాగినప్పుడే అది బయటపడేది.

నేను పెట్రోలు పైపు చూశాను. పైకి నున్నగా ఉంది. వేళ్ళతో నొక్కితే లోపలి పొర ఊడిపోయినట్టు మెత్తగా తగిలింది. మోటారు గట్టిగా పెట్రోలు పీల్చినప్పుడల్లా ఆ పొర ముడుచుకుని దారి మూసేస్తోందని నాకు తోచింది.

"పైపు మార్చీద్దాం బాబాయ్."

"నువ్వేటి నాకు చెప్పేది? పైపు బాగానే ఉంది. కార్బురేటర్ కడిగి బిగించీ."

కడిగి బిగించాను. మర్నాడు డ్యామ్ దగ్గర కాంట్రాక్టరు స్వయంగా పడవెక్కాడు. నీళ్ళ మధ్యకు వెళ్ళాక మోటారు ఆగిపోయింది. గాలికి పడవ రాళ్ళ మీదికి కొట్టుకుపోయి అడుగు పగిలింది. ఆయన మొలలోతు నీళ్ళలో నడిచి ఒడ్డుకొచ్చాడు, కోపంతో ఊగిపోతూ. బాబాయ్ నా వైపు చెయ్యి చూపించి, "కార్బురేటర్ ఇసీనే బిగాడా సేఠ్" అంటూ, చెడగొట్టింది వీడేనని చెప్పి, జాలర్లందరి ముందూ నా చెంప పగలగొట్టాడు.

ఆ రోజే షెడ్డులోంచి వెళ్ళగొట్టాడు. అక్కడితో ఆగలేదు. భన్‌పురిలో ఏ షెడ్డుకు పని అడగడానికి వెళ్ళినా, నాకంటే ముందే ఆయన మాట వెళ్ళి కూర్చునేది.

చివరికి ఒక రైస్‌మిల్లులో బేరింగులకు గ్రీజు పెట్టే పనిలో చేరాను. పాత ఇనుము కొట్లో పాడైన పడవ మోటారు ఒకటి కనిపిస్తే కొని తెచ్చి, దేవేంద్ర నగర్‌లో మా గది వెనక దాన్ని విప్పడం, బిగించడం మొదలుపెట్టాను. ఆ పని మీద ప్రేమతో కాదు. ప్రతి బోల్టులోనూ నాకు ఆయన ముఖమే కనపడేది.

"ఆ ఇనుము మీద నీకంత కక్షేటిరా?" అనేది అమ్మ.

ఏడేళ్ళకు నాకూ ఒక షెడ్డు ఏర్పడింది. ఒకనాడు అదే కాంట్రాక్టరు అదే మోటారుతో వచ్చాడు. మళ్ళీ పాత రోగమేనట. బాబాయ్ మూడుసార్లు విప్పి చూసి కూడా పట్టుకోలేకపోయాడట. నేను ముందు పైపు పట్టుకుని చూశాను. నా చేతికి తెలిసిన పైపు కాదది.

"ఇది ఎప్పుడు మార్చారు?"

"తభీ. తుమ్హారే జానే కే అగ్‌లే హఫ్తే," అన్నాడాయన. నన్ను వెళ్ళగొట్టిన మరుసటి వారమే.

ఒళ్ళు భగ్గుమంది. అన్నాళ్ళూ బాబాయ్ పొరపడ్డాడనుకున్నాను. కాదు. నా మాట నిజమని తెలుసుకుని, గుట్టుగా పైపు మార్చేసి, నా మీద వేసిన నింద మాత్రం అలాగే ఉంచాడు.

"డ్యామ్ దగ్గరే చేస్తాను. ఆయన్ని కూడా రప్పించండి," అన్నాను.

కాంట్రాక్టరు జీపులో బాబాయ్ వచ్చాడు. జుట్టు నెరిసింది. ముందు ఆయన్నే నడపమన్నాను. పడవ కొంత దూరం వెళ్ళి చతికిలబడింది. జాలర్లు తాడు వేసి లాక్కొచ్చారు. అప్పుడు నేనెక్కాను. స్పీడు పెంచి, మోటారు నీరసపడగానే పైపు మధ్యనున్న రబ్బరు బుడ్డి నొక్కాను. లేచింది. వదిలాను, పడిపోయింది. పెట్రోలు అందడం లేదన్నమాట. పైపు మంచిదే కాబట్టి తప్పు పెట్రోలు పంపులో ఉండాలి. ఒడ్డున కూర్చుని పంపు విప్పి, లోపలి పల్చటి రబ్బరు బిళ్ళను ఎండకెత్తి చూపించాను. సూదిమొనంత చిల్లు. అనుమానంతో ముందే తెచ్చుకున్న కొత్తది జేబులోంచి తీసి వేశాను.

కాంట్రాక్టర్ని ఎక్కించుకుని ఫుల్ స్పీడులో రెండు చుట్లు తిప్పాను. రెండో చుట్టు కావాలనే ఒడ్డుకు దగ్గరగా పోనిచ్చాను. లేచిన అల బాబాయ్ ప్యాంటు మోకాళ్ళదాకా తడిపింది.

దిగి ఎదురుగా నిలబడ్డాను. "ఆ పైపు మార్చమని ఎవరు చెప్పారు బాబాయ్?"

ఆయన వంగి తడిసిన ప్యాంటు పిండుకోబోయాడు.

"ఆ రోజు ఇంతమందిలోనే కదా కొట్టినావు. ఇంతమందిలోనే చెప్పు. సేఠ్‌కి అర్థమయ్యేలా చెప్పు."

"ఇసీనే బోలా థా," అన్నాడు మెల్లగా. తర్వాత నాతో, "నువ్వే చెప్పినావురా. నేనే ఇనలేదు," అన్నాడు.

కాంట్రాక్టరు బాబాయ్ సామాను సంచీని జీపులోంచి తీయించి నేల మీద పెట్టించాడు. బస్సు రోడ్డు అక్కడికి చాలా దూరం. నన్ను జీపులో ఎక్కించుకున్న కాంట్రాక్టరు, నేనొక్క మాట అంటే ఆయన్నీ ఎక్కించుకునేవాడు. అనలేదు. దారిలో, సంచీ భుజాన వేసుకుని నడుస్తున్న ఆయన్ని దాటి, దుమ్ము లేపుకుంటూ జీపు వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి అమ్మకు జరిగింది చెప్పాను.

"పెద్దాయన్ని ఎండలో నడిపించీసినావేటిరా?"

"నడవనీ."

అమ్మ గరిటె గిన్నెలో పడేసి లోపలికెళ్ళిపోయింది. నేనే వడ్డించుకుని కడుపునిండా తిన్నాను.