పదో తువ్వాలు

వసంతకుమారిగారికి లెక్క తప్పదు. ముప్పై రెండేళ్లు ఆపరేషన్ థియేటర్ నర్సుగా చేశారు. లోపల పెట్టిన గాజుగుడ్డలన్నీ బయటికి వచ్చాయని ఆమె చెప్పాకే డాక్టరు కుట్లు వేసేవాడు.

నర్సాపురం నుంచి 1986లో ఆమె ఝీల్‌ఖేడాకి వచ్చారు. ఫరీదాబాద్ దాటాక, ఆరావళి రాళ్ల మధ్య సరస్సు ఒడ్డున ఉన్న చిన్న ఊరది. ఆదివారాలు ఢిల్లీ ఆర్.కె. పురం నుంచి ఆఫీసర్ల కుటుంబాలు పులిహోర డబ్బాలతో పడవ షికారుకి వచ్చేవి. పశువులు కాసుకునే ఆ ఊరి గుజ్జర్లు గేదెల్ని కడిగేవారు. ఆసుపత్రిలో పనిచేసే తెలుగు క్రైస్తవులు ఆ నీళ్లలోనే బాప్తిస్మాలు తీసుకునేవారు.

ఒడ్డున తువ్వాళ్లతో నిలబడే పని ఆమెది. మునిగి లేచినవాళ్లకు కాసేపు కళ్లు కనిపించవు. పేరు పెట్టి పిలిస్తే ఆ గొంతును బట్టి గట్టుకొస్తారు. రామ్‌కలీ అనే గుజ్జర్ ముసలమ్మకు ఇది నచ్చేది కాదు. ఆ ఊళ్లో నీటి దగ్గర ఎవరూ పేరెత్తరు. గేదెలను కూడా ఈలవేసే పిలుస్తారు.

"బేటీ, నువ్వు పిలిస్తే వినేది ఆ ఒక్కరే అనుకుంటున్నావా?" అందట రామ్‌కలీ.

1993లో ఒక ఉదయం తొమ్మిదిమంది మునిగారు, అందరూ మగవాళ్లే. వసంతకుమారిగారు అలవాటుగా ఒకటి ఎక్కువే తీసుకెళ్లారు, పది తువ్వాళ్లు. తొమ్మిది పేర్లు పిలిచారు. తొమ్మిదిమంది టీ తాగి వెళ్లారు. ఇంటికొచ్చి సంచీ విప్పితే పదోది కూడా తడిసి ఉంది. పక్కవాటి తడి అంటుకుందనడానికి లేదు. ఎవరో తల తుడుచుకున్నట్టు మెలితిరిగి ఉంది, అందులో మూరెడు వెంట్రుక ఉంది.

పాస్టరు ఆమోసుగారు విని నవ్వారు. "లెక్క తప్పావమ్మా" అన్నారు. ఆ మాట ఆమెను ఇప్పటికీ బాధిస్తుంది.

తర్వాత కొన్నేళ్లకు సరస్సు ఎండిపోయింది. కొండల్లో క్వారీలు తవ్వడం వల్లనేనని ఆమెకూ తెలుసు. పిల్లలు అడుగున క్రికెట్ ఆడుతుంటే మాత్రం ఆమె అటు చూసేవారు కాదు.

ఇప్పుడు గొట్టాలతో నీళ్లు తెచ్చి మళ్లీ నింపారు. ఈ ఏడాది ఆమె మనవరాలు అనుగ్రహతో కలిపి ఐదుగురి బాప్తిస్మం అక్కడే అన్నారు. చర్చిలో సిమెంటు తొట్టి ఉందిగా అని వసంతకుమారిగారు బతిమాలారు.

"నానీ, ప్లీజ్. తొట్టి అంటే బాత్‌రూమ్‌లా ఉంటుంది. ఫ్రెండ్స్ అందరూ వస్తున్నారు" అంది అనుగ్రహ. అమ్మమ్మను అక్కడి పిల్లల్లాగే నానీ అంటుంది.

చివరికి ఆమె కొత్త పాస్టరు దగ్గరికి వెళ్లి ఒకే ఒక్కటి అడిగారు, నీళ్లలో ఎవరి పేరూ ఎత్తవద్దని. ఆయన ఠీక్ హై అన్నారు. ఆమె ఐదు తువ్వాళ్లే సర్దుకున్నారు.

మాదీ ఆ చర్చే కాబట్టి ఆ ఉదయం నేనూ ఒడ్డున ఆమె పక్కనే నిలబడ్డాను. మాట పొరపాటున కూడా జారకూడదని పమిట కొంగు పళ్ల మధ్య బిగబట్టి ఉన్నారు. నలుగురిని పాస్టరు "సహోదరీ", "సహోదరా" అంటూ ముంచారు. ఐదోసారి అలవాటుకొద్దీ ఆయన ఇచ్చిన మాట మరిచారు.

"సహోదరీ అనుగ్రహా" అన్నారు.

అనుగ్రహ మునిగి లేచింది. కళ్లు మూసుకునే రెండడుగులు మావైపు వేసింది. అప్పుడు సరస్సు మధ్య నుంచి పిలుపు వినిపించింది.

"అనుగ్రహా, ఇటమ్మా."

అది వసంతకుమారిగారి గొంతే, కాకపోతే పడుచు గొంతు. నేను ఆమె వైపు చూశాను. కొంగు పళ్ల మధ్యే ఉంది.

"ఆఁ నానీ, వస్తున్నా" అని అనుగ్రహ వెనక్కి తిరిగి లోతుకేసి నడిచింది. పాస్టరు చెయ్యి చాచారు గానీ అందలేదు.

ఒడ్డు నుంచి ఈమె కూడా పిలిస్తే ఆ పిల్ల రెండు గొంతుల మధ్య ఎటు తిరుగుతుందో తెలియదు. వసంతకుమారిగారు పిలవలేదు. చెప్పులతోనే నీళ్లలోకి దిగారు. ఛాతీ లోతులో మనవరాలి మణికట్టు పట్టుకుని, ఒక్క మాటా లేకుండా లాక్కొచ్చారు.

ఆమెకు తువ్వాలు మిగల్లేదు. తడిచీరతోనే ఇంటికి నడిచారు, మణికట్టు వదలకుండా.

ఇప్పుడు ఆ ఇంట్లో మనవరాలిని పేరుతో పిలవరు. "అమ్మడూ" అంటారు. బయట ఎవరైనా అనుగ్రహా అని పిలిస్తే ఆ పిల్ల వెంటనే పలకదు. పిలిచిన మనిషి పెదవులు కదిలాయో లేదో ముందు చూసుకుంటుంది.