భుజం దెబ్బ

మా ఆయన పేరు అబ్రహాము. ఉయ్యూరులో పెద్ద డ్రమ్ము అబ్రహాము ఇల్లెక్కడంటే చిన్నపిల్లలు కూడా చూపించేవాళ్ళు. అంతకుమించి ఆయన గురించి గొప్పలు చెప్పడానికేమీ లేదు. పెద్ద చదువులు చదవలేదు, పార్టీల వెంట తిరగలేదు, ఒకరి జోలికి పోలేదు. మెడలో డ్రమ్ము తగిలించుకుని పెళ్ళికి పిలిస్తే పెళ్ళికి, చావుకి పిలిస్తే చావుకి వెళ్ళి వాయించి వచ్చేవాడు. తొంభైలో నన్ను ఆయనకిచ్చి చేసేటప్పుడు, మాట తక్కువ మనిషని మా తమ్ముడు ఆరోను ముందే చెప్పాడు. "మరీ తక్కువైతే కష్టం గదరా" అని మా అమ్మ అనుమానపడితే, "నీ కూతురు ఆయన వాటా కూడా తనే మాట్లాడేస్తదిలేమ్మా" అన్నాడట. వాడి నోట్లో చక్కెర పొయ్య, అదే నిజమైంది.

మేళం మా మామగారు లాజరుది. ఆయన క్లారినెట్టు, మా ఆయన పెద్ద డ్రమ్ము. పెళ్ళి మేళంలో డ్రమ్మువాణ్ణి ఎవరూ పట్టించుకోరు, అందరి చూపూ క్లారినెట్టు మీదే. చావు మేళంలో మాత్రం నడిపించేది డ్రమ్మే. పెట్టె గానీ పాడె గానీ మోసేవాళ్ళకి కాస్త దూరం పోయేసరికి భుజాలు లాగేస్తాయి. ఎవరికి వాళ్ళు సర్దుకుంటే బరువు ఒక పక్కకి ఒరుగుతుంది. అందుకని ముందు నడిచే డ్రమ్మువాడు వెనక్కి చూసుకుంటూ, వాళ్ళు అలిసిపోయారనిపించగానే రెండు గట్టి దెబ్బలు వేసి ఆపేస్తాడు. ఊరేగింపంతా ఆగుతుంది. మోసేవాళ్ళు ఈ భుజం మీది బరువు ఆ భుజం మీదికి మార్చుకుంటారు. వాళ్ళు కుదురుకున్నాక మళ్ళీ నడక దెబ్బ మొదలవుతుంది. మేళంలో దాన్ని భుజం దెబ్బ అంటారు. అది సరిగ్గా సమయానికి వెయ్యడంలో మా ఆయనకి చుట్టుపక్కల ఎదురు లేదు.

మేళగాళ్ళలో ఇంకో పద్ధతి ఉంది. మేళగాడి ఇంట్లో చావైతే ఆ ఇంటివాళ్ళు వాయిద్యం మీద చెయ్యి వెయ్యరు. పక్క ఊరి మేళం వచ్చి వాయించి పోతుంది. ఏడ్చేవాడు ఏడవాలి, వాయించేవాడు వాయించాలి అనేవాడు మా మామగారు.

మాకు ఒక్కతే కూతురు, క్రిస్టినా. నాలాగా వాగుడుకాయ. దాన్ని నిద్రపుచ్చడం నా వల్ల అయ్యేది కాదు. జోలపాడితే నాతో కలిసి అదీ పాడేది. ఆయన పక్కన పడుకోబెట్టుకుని వీపు మీద అరచేత్తో చావు మేళం నడక కొట్టేవాడు. అదేం దరిద్రం, బిడ్డ వీపు మీద ఆ దెబ్బేంటయ్యా అని నేను తిట్టేదాన్ని. ఆ దెబ్బకే అది నిద్రపోయేది. చెయ్యి ఆగిందంటే మాత్రం కళ్ళు తెరిచి, "ఆపావేం నాన్నా?" అనేది. పాపం, ఆయన చెయ్యి తిమ్మిరెక్కినా కొడుతూ ఉండేవాడు.

తొంభై ఏడులో దానికి మెదడువాపు జ్వరం వచ్చింది. బెజవాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. తీసుకెళ్ళినట్టే తీసుకొచ్చాం, కాకపోతే బిడ్డ లేదు. అప్పటికి దానికి ఆరో ఏడు నడుస్తోంది. ఇంతకన్నా దాని గురించి నేను చెప్పలేను.

ఆ రోజు మంచి ముహూర్తాలున్నాయి. కంకిపాడు మేళం, పామర్రు మేళం, అన్నీ పెళ్ళిళ్ళకి పోయాయి. పిల్లలకి మేళం ఎందుకు, నాలుగు ప్రార్థనలు చెప్పించి తీసుకుపోదాం అన్నారు చుట్టాలు. "లాజరు మనవరాలు మోత లేకుండా పోద్దా?" అని మా మామగారు క్లారినెట్టు తీశాడు. నోట్లో పెట్టుకున్నాడు గానీ గాలి రాలేదు. అరుగు మీద కూలబడిపోయాడు. అప్పుడు మా ఆయన లేచి డ్రమ్ము మెడలో వేసుకున్నాడు.

మేళగాడు తన ఇంటి చావుకి తనే వాయించడం ఎవరూ ఎరగరు. జనం నోళ్ళు తెరుచుకుని చూశారు. కాలవ వంతెన దాటి సమాధుల దొడ్డి దాకా ఒక్క డ్రమ్మే మోగింది. చిన్న పెట్టె, ఆరోను ఒక్కడే రెండు చేతుల్లో పట్టుకుని ఆయన పక్కనే నడిచాడు. ఏ భుజం మీదా బరువు లేదు, మార్చుకునే పనీ లేదు. అయినా మా ఆయన ఎప్పట్లాగే రెండు గట్టి దెబ్బలు వేసి ఆపాడు. కాసేపాగి మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ ఆపాడు. దారి పొడుగునా అంతే. "బావ ఆపినప్పుడల్లా ఏం చెయ్యాలో తెలీక పెట్టె పట్టుకుని నిలబడిపోయానక్కా" అని తర్వాత ఆరోను బావురుమన్నాడు. ఆయన కళ్ళల్లో మాత్రం చెమ్మ లేదు.

నా కడుపు మండిపోయింది. ఎవరిదో శవాన్ని సాగనంపినట్టు, అలవాటుగా, భుజం దెబ్బతో సహా వాయించాడు. పెట్టెలో ఉన్నది కన్నకూతురని కూడా ఆ చేతులకి తెలియలేదా? ఇంటికొచ్చాక అదే మాట మొహం మీదే అడిగాను. "నీ కూతుర్రా అది! మోసేది ఒక్కడైతే భుజం దెబ్బెందుకు వేశావురా?" అని చొక్కా పట్టుకుని కుదిపాను. కట్టుకున్నవాణ్ణి "రా" అన్నది జీవితంలో ఆ ఒక్కసారే. ఆయన డ్రమ్ము అటక మీద పెట్టేసి, మర్నాటి నుంచి చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బళ్ళు లోపలికి పంపే పనికి పోయాడు.

ఆ తర్వాత ఏళ్ళు ఎలా గడిచాయంటే ఏం చెప్పను? వండాను, తిన్నాడు. ఉతికాను, కట్టుకున్నాడు. నేను కాన్వెంటు హాస్టల్లో వంటకి కుదిరాను. మామగారు పోయారు, మేళం పోయింది. చర్చిలో పూజకి ఇద్దరం కలిసే వెళ్ళేవాళ్ళం, బల్లల మీద ఆయన అటు, నేను ఇటు. ఏడుపు రాలేదు, నవ్వూ రాలేదు. కాలు మీద వేడి గంజి పడితే బొబ్బ చూశాక గానీ కాలిందని తెలియలేదు నాకు. ఇద్దరం అలా మొద్దుబారిపోయాం.

రెండు వేల ఐదులో మా గుమ్మం ముందు మోటారుసైకిలు ఆగింది. దిగినవాడికి భుజాల దాకా జుట్టు, నల్ల బనీను. "అబ్రహాము గారిల్లు ఇదేనాండీ?" అన్నాడు. పేరు మణికుమార్. కొల్లేరు పక్క చేపల వ్యాపారం చేసే వాళ్ళ పిల్లాడు, బెజవాడలో ఇంజినీరింగు ఎప్పుడో అయిపోయి గిటారు వాయిస్తున్నాడట. వీళ్ళ నాయనమ్మ రత్తమ్మ గారు పోయినప్పుడు మా మేళమే వెళ్ళింది. అప్పుడు వీడు పాడె మోసిన మనవల్లో ఒకడు.

"ఆ రోజు మీరు డ్రమ్ము ఆపగానే నా భుజం మీద మా నాయనమ్మ బరువు తెలిసిందండీ. నడుస్తున్నంతసేపు తెలీలేదు. ఆ బరువు మాకు కావాలి" అన్నాడు.

"బరువేం చేసుకుంటావు బాబూ, మూటలు మోస్తావా?" అన్నాను నేను.

"పాటలో పెడతామాంటీ" అని నవ్వి, ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. వీళ్ళది రాక్ బ్యాండు. హెవీ మెటల్ అని ఒక రకం ఉందట. ఇప్పుడు అది వాయించేవాళ్ళంతా ఎవరు ముందు పరిగెడతారా అని పోటీ పడుతున్నారట. వీళ్ళు పుట్టకముందు, అది మొదలైన రోజుల్లో, అలా ఉండేది కాదు. నిదానంగా, బురదలో దున్నపోతు నడిచినట్టు ఉండేదట. ఆ పాత మోతే మళ్ళీ తేవాలని వీళ్ళ పట్టుదల. ఎంతమంది డ్రమ్మర్లను పెట్టినా కాసేపటికి పరుగు అందుకుంటున్నారు, మాకు నడిచేవాడు కావాలి అన్నాడు. బ్యాండు పేరు నల్లరేగడి అని చెబితే, "పురుగుమందుల కొట్టు పేరులా ఉందే" అన్నాను. మా ఆయన అంతా విని, "ఎక్కడికి రావాలి?" అన్నాడు. ఆ పూటే అటక ఎక్కాడు. ఎందుకు ఒప్పుకున్నాడో నాకు అంతు పట్టలేదు. ఎవడి పిచ్చి వాడికి ఆనందం అనుకుని ఊరుకున్నాను.

ఆదివారాలు పూజ అయ్యాక బెజవాడ పోయేవాడు. ఒకసారి నేనూ వెళ్ళాను. మణికుమార్ వాళ్ళ నాన్నగారి చేపల గోడౌను అది. చుట్టూ ఐసు పెట్టెలు, నీచు వాసన, కింద చల్లటి తడి. పాడేవాడు గంగాప్రసాద్ అని ఒకడు, గొంతు చూస్తే పొలంలో ఎడ్లని అదిలించినట్టుంటుంది. గిటారు తీగలు బాగా వదులు చేసి మీటుతుంటే నేల అదిరింది. మా ఆయనకి కాళ్ళతో కొట్టే డ్రమ్ములు చేతకావు. తన డ్రమ్ము తనే మెడలో వేసుకుని, నిలబడి, చావు నడక కొట్టాడు. పిల్లలు కళ్ళు మూసుకుని తలలు ఊపారు. బాగుందో లేదో నాకు తెలియలేదు. ఏదైనా బాగుండటం, బాగోకపోవడం అప్పటికే మానేసి చాలా కాలమైంది నాకు.

"అంకుల్, ఇక్కడ ఆ రెండు దెబ్బలేసి ఆపండి. ఆ ఆపడం మాకు ముఖ్యం" అని మణికుమార్ బతిమాలాడు.

"ఆపడం ఒక్కటి అడక్కండి బాబూ. ఎంతసేపంటే అంతసేపు వాయిస్తా" అన్నాడు మా ఆయన.

నాకు చుర్రుమంది. ఓహో, ఆ రోజు ఎవరూ అడక్కుండానే ఆపావే, ఇప్పుడు అడిగితే నొప్పా?

ఆ వారమే నేనొక నిర్ణయానికొచ్చాను. గన్నవరంలో సిస్టర్లు కొత్తగా పిల్లల హాస్టలు తెరిచారు. వంటమనిషికి గది కూడా ఇస్తామన్నారు. మా మతంలో విడాకులూ పంచాయితీలూ లేవు, దూరంగా ఉండటం మాత్రం ఉంది. ఒక్క సంగతి తెలిస్తే ఉండిపోదును. ఆ రోజు ఈ మనిషి లోపల ఏమైనా ఉందా, లేక ఏ శవమైనా ఆయనకి ఒకటేనా? తెలియకుండా ఇంకా ఎన్నేళ్ళు అన్నం వడ్డించను? గన్నవరం వెళ్ళిపోతున్నానని చెబితే, నిమ్మకు నీరెత్తినట్టు "సరే" అన్నాడు. ఎందుకని అడగలేదు.

హాస్టలు చూసి మాట ఇచ్చేద్దామని నేను గన్నవరం వెళ్ళిన రోజునే, అక్కడి ఇంజినీరింగు కాలేజీ వార్షికోత్సవంలో వీళ్ళ పాట పెట్టారు. "ఆంటీ, ఎలాగూ వస్తున్నారు గదా" అని మణికుమార్ పట్టుబట్టాడు. సిస్టరు గారితో వచ్చే నెల ఒకటిన చేరతానని చెప్పి, పొద్దువాలే వేళకి కాలేజీ మైదానానికి వెళ్ళి పక్కగా నిలబడ్డాను. పిల్లలంతా ఈలలు, కేకలు. నల్ల బనీన్ల మధ్య మా ఆయన తెల్ల చొక్కా వేసుకుని, పెళ్ళివారి ఫోటోలోకి పొరపాటున వచ్చినవాడిలా ఉన్నాడు.

రెండో పాట మధ్యలో కరెంటు పోయింది. గిటార్లు చచ్చిపోయాయి. గంగాప్రసాద్ నోరు కదులుతోంది, గొంతు వినబడటం లేదు. జనరేటరు కోసం ఎవరో పరిగెత్తారు. డ్రమ్ముకి కరెంటుతో పనేముంది? అది ఒక్కటే మోగుతోంది, ఆ రోజు క్లారినెట్టు పలకనప్పుడు మోగినట్టే. మొదట పిల్లలు గోల చేశారు. తర్వాత ఒక్కొక్కరే గోల మానేశారు. అంతమంది నిలబడి ఆ నడక వింటున్నారు.

అప్పుడు మా ఆయన రెండు గట్టి దెబ్బలు వేసి ఆపాడు.

చేతులు గాల్లో ఉన్నాయి. తల కుడి పక్కకి తిప్పి, నడుమెత్తున, ఖాళీగా ఉన్న చోట చూస్తున్నాడు. భుజాలు మార్చుకునేవాళ్ళని చూసే చూపు కాదది. ఆ చూపు నాకు తెలుసు. మంచం మీద, అరచెయ్యి ఆపి, బిడ్డ నిద్రపోయిందా లేదా అని వంగి చూసే చూపు. చాలాసేపు చూశాడు. తర్వాత మళ్ళీ నడక మొదలుపెట్టాడు. కొంచెం వాయించి మళ్ళీ ఆపాడు, మళ్ళీ అక్కడే చూశాడు. ఆరోను పెట్టె పట్టుకుని నడిచింది ఆయన కుడి పక్కనే.

నేను అక్కడే గడ్డి మీద కూర్చుండిపోయాను. కరెంటు వచ్చింది, గిటార్లు ఒక్కసారిగా అందుకున్నాయి, పిల్లలు వెర్రెత్తినట్టు అరిచారు. అదంతా ఎక్కడో జరుగుతున్నట్టుంది నాకు.

తిరుగు బస్సులో డ్రమ్ము ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు. బెంజి సర్కిలు దాటాక అడిగాను.

"ఏమయ్యా, ఆ రోజు భుజం దెబ్బ ఎందుకు వేశావు?"

ఒళ్ళోని డ్రమ్ము తాడు సవరించుకున్నాడు. ఇక పలకడులే అనుకున్నాను.

"ఆపితే లేచేది గదా శౌరీ" అన్నాడు.

బస్సు కంకిపాడులో ఆగింది. ఎక్కేవాళ్ళు ఎక్కారు. నాకు కోపమే వచ్చింది, ఏడుపు కాదు. ఎనిమిదేళ్ళయ్యా, ఎనిమిదేళ్ళు నిన్ను బండరాయి అనుకుంటూ నీకు అన్నం పెట్టాను.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు కూడా లేస్తదేమోనని చూసేదానివి" అన్నాడు.

ఉయ్యూరులో దిగేటప్పుడు డ్రమ్ముకి ఒక పక్క నేను పట్టుకున్నాను. మర్నాడు కాన్వెంటు ఫోను నుంచి గన్నవరం సిస్టరు గారికి రానని చెప్పాను. గది నచ్చలేదా అని అడిగారు. గది బాగానే ఉందండీ అన్నాను.