చెరొక డిస్కు

మా ఇంట్లో పంపకాలు జరిగిన పొద్దు పెద్దమనుషులు అన్నీ సరిసమంగానే పంచినారు. మగ్గాలు చెరి సగం, ఇత్తడి అండాలు చెరొకటి, ఆఖరికి ఇడ్లీ తట్లు కూడా విడదీసి పెట్టినారు. కంప్యూటరు వంతు వచ్చినప్పుడు, "దీని లోపల ఏముండాదిరా?" అని ఒకాయన అడిగినాడు.

"రెండు డిస్కులు మామా" అన్నాడు తమ్ముడు.

"రెండేనా? ఇంకేమి తకరారు! చెరొకటి ఎత్తుకోండి."

ఆడబిడ్డను, నన్నెవురు అడుగుతారు? కాఫీ గ్లాసులు పట్టుకొని గుమ్మంలో నిలబడి చూస్తా ఉన్నాను. కడుపు మండిపోయింది. ఎందుకంటే ఆ పెట్టెలో అమ్మ ఉండాది.

తమ్ముడు కోవిల్పట్టిలో పెళ్ళిళ్ళకు వీడియో తీస్తాడు. అమ్మ పోయే ముందు ఏడు, ఆమె రాట్నం దగ్గర కూర్చొని కండెలు చుడుతుంటే ఎదురుగా కెమెరా పెట్టి మాట్లాడించినాడు. "నా మొగానికి ఇదొకటి కొరవ!" అని మొదలుపెట్టింది అమ్మ. పుదూరు చేలల్లో మిరపకాయలు కోసిన చిన్నతనం నుంచి, కోడలుగా వచ్చి వంటింట్లో దొంగగా ఏడ్చిన దాకా అన్నీ చెప్పింది. అంతా మా ఇంటి తెలుగులోనే. గడప దాటితే మేము అరవంలోకి మారిపోతాము, ఆ తెలుగు రాసేవాళ్ళూ లేరు, చదివేవాళ్ళూ లేరు. అమ్మ నోట్లోనే ఉండేది. వీడియో కంప్యూటర్లోకి ఎక్కించినాక తమ్ముడు కెమెరా కార్డు తుడిచి ఇంకో పెళ్ళికి ఎత్తుకపోయినాడు. నాకు మగ్గం వద్దు, అండా వద్దు. ఆ గొంతు ఒకసారి వినిపిస్తే చాలనుకున్నాను.

తమ్ముడు తన డిస్కు కొత్త కంప్యూటరుకు తగిలిస్తే, ఇందులో ఏమీ లేదు, తుడిచి కొత్తగా వాడుకుంటావా అని అడిగిందంట. అమ్మ ఉండే డిస్కు అన్న పంగుకు, ఆయన వాటాకు పోయిందని వీడు అనుకున్నాడు. విరుదునగర్‌లో నూలు అంగడి పెట్టుకున్న అన్నకూ అట్లే కనపడింది. తమ్ముడే మంచి డిస్కు ఎత్తుకొని, ఉత్తది తనకు అంటగట్టినాడని ఆయన అనుకున్నాడు. అమ్మ సంవత్సరీకం నాడు, ఆకుల ముందు అందరూ కూర్చొని ఉండంగానే, "అమ్మను నువ్వే దాచిపెట్టినావు" అంటే "నువ్వే దాచిపెట్టినావు" అని ఒకరినొకరు అరుచుకున్నారు. ఆ తర్వాత మాటల్లేవు. నేను కోవిల్పట్టికీ విరుదునగర్‌కూ బస్సులో తిరిగినాను. నడిమధ్య సాత్తూరు వచ్చేదాకా ఒకణ్ణి తిట్టుకునేది, దాటినాక ఇంకొకణ్ణి.

ఒకరోజు ఓపిక చచ్చిపోయింది. "మీ డిస్కులు ఎత్తుకొని కోవిల్పట్టిలో కంప్యూటర్లు బాగుచేసే అంగడికి రండి. లేదంటే నేను చచ్చినా మీరు రావద్దు" అన్నాను. వచ్చినారు ఇద్దరూ. అన్న తన డిస్కును అంగట్లో కాపలాకు పెట్టిన కెమెరా పెట్టెలోనుంచి ఊడదీసి, తువ్వాల్లో చుట్టుకొని తెచ్చినాడు. అక్కడ పనిచేసే ఒక అమ్మాయి రెండూ తిప్పి తిప్పి చూసి అరవంలో వివరించింది.

"రెండు డిస్కుల్ని రెండు రకాలుగా జతచేయొచ్చు. అద్దం మాదిరి పెడితే ఒకదాంట్లో ఉండేదే ఇంకోదాంట్లోనూ ఉంటుంది. ఒకటి పోయినా రెండోది పలుకుతుంది. మీది అట్లా కాదు. వేగం కోసం ప్రతి ఫైలునూ తునకలు చేసి, ఒక తునక ఇందులో, ఒక తునక అందులో వేసేటట్టు పెట్టినారు. ఒక్కటే పెట్టుకుంటే ఏమీ తెరుచుకోదు."

"పడుగు ఒక ఇంట్లో, పేక ఒక ఇంట్లో" అన్నాడు అన్న మెల్లిగా, తెలుగులో.

"అద్దం మాదిరి పెట్టించి ఉంటే ఇద్దరికీ నిండు అమ్మే వచ్చుండును కదరా!" అని తమ్ముణ్ణి అడిగేసినాను.

"వీడియో పనికి వేగం కావాలని నేనే చెప్పి పెట్టించినాను అక్కా. తునకలు చేస్తాదని నాకేమి తెలుసు?"

ఎవురూ దాచలేదు. దాచడానికి ఎవురి దగ్గరా అమ్మ లేదు. అయినా ఇప్పుడు రెండూ ఒకచోటికి వచ్చినాయి కదా, ఇంక అమ్మ వస్తుందని నేను బల్ల దగ్గరికి జరిగినాను. ఆ అమ్మాయి రెండింటినీ తగిలించి చాలాసేపు చూసింది. అన్న డిస్కును పక్కకు పెట్టింది.

"దీన్ని తుడిచేసినారు. పైన అంతా కెమెరా బొమ్మలు నిండిపోయినాయి. ఇంక రాదక్కా."

తమ్ముడు అరుస్తాడని భయపడినాను. వాడు అరవలేదు, గోడకు ఆనుకొని కిందనే కూర్చుండిపోయినాడు. అన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "ఉత్తదే అని చూపించింది పాపా. ఉత్తది కదా అని కెమెరాకు ఇచ్చినాను." అంత పెద్ద మనిషి చిన్నపిల్లోని మాదిరి ఏడ్చినాడు. అయ్యో, ఎవుర్ని తిట్టేది నేను!

రెండూ నాకు ఇచ్చిపొమ్మన్నాను. తమ్ముడు ఇచ్చినాడు. అన్న తటపటాయించి, కెమెరా లేకుంటే అంగడి జరగదని తనది ఎత్తుకపోయినాడు.

మొన్న విరుదునగర్ పోయినప్పుడు ఆ అంగడి వాకిట్లో నిలబడిపోయినాను. అమ్మ ఉండిన డిస్కులోనే ఇప్పుడు నా బొమ్మ పడుతుంటుంది. తలెత్తి కెమెరా వైపు చూసి, "అమ్మా, నేను వచ్చినానే" అన్నాను.

అన్న నూలు కట్టలు కింద పెట్టి వచ్చి నా పక్కన నిలబడినాడు.

"దీంట్లో బొమ్మ ఒకటే పడుతుంది పాపా" అన్నాడు. "గొంతు పడదు."