చుక్క తీసేసిన బావ

అక్క పెళ్ళయిన కొత్తలో నాకు బావంటే ప్రాణం. వనపర్తిలో ఆయనకు మోటారు స్టార్టర్ల దుకాణం ఉండేది. ఆ దుకాణం వెనకగదిలోనే, రెండువేల సంవత్సరం దాటిన ఆ రోజుల్లో, మేమిద్దరం కలిసి ఒక చిన్న పెట్టె తయారుచేశాం. మా వైపు పొలాలకు కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకునేవాళ్ళు. కరెంటు రాగానే ట్రాన్స్‌ఫార్మర్ కింది బోర్లన్నీ ఒక్కసారే లేచేవి. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయేది. రైతులు తమలో తాము అనుకున్న వంతు ప్రకారం మోటార్లను ఒకదాని తర్వాత ఒకటి లేపడమే మా పెట్టె పని.

పెట్టెలో ఒక బుల్లి కంప్యూటరు, దాన్ని నడిపించడానికి లినక్స్. దాని మెమరీలో జాగా బహు తక్కువ. పెద్ద కంప్యూటర్లో విడివిడిగా ఉండే కమాండ్లన్నిటినీ ఒకే చిన్న ప్రోగ్రాములో ఇమిడ్చే పద్ధతి ఒకటుంది. తయారుచేసే ముందు ఆ కమాండ్లన్నీ తెరమీద వరసగా కనిపిస్తాయి. కావలసినదాని పక్కన చుక్క పెట్టాలి, అక్కర్లేనిదానికి తీసేయాలి. దానికి మేమొక కట్టుబాటు పెట్టుకున్నాం. నేను పైకి చదవాలి, బావ "ఉంచు" అనో "తియ్" అనో అనాలి, ఇద్దరం ఒప్పుకుంటేనే చుక్క కదలాలి.

లాగిన్, ఎడిటర్ దగ్గర మాకు పెద్ద లొల్లే అయింది. "గా ఎడిటర్ పెట్టే జాగల సంసారం జెయ్యొచ్చు బామ్మర్ది" అని బావ వేళాకోళం చేశాడు.

"అది లేకుంటే పొలం కాడ వంతు ఎట్ల మారుస్త బావా? లాగిన్ లేకుంటే అసలు లోపలికే పోలేను గద" అన్నాను. కొత్త పెట్టెలన్నిటిలో ముందు ఒకే వంతు ఉంటుంది, అలాగే వదిలేస్తే మోటార్లన్నీ కలిసే లేస్తాయి. పొలం దగ్గర కూర్చుని ఒక్కోదానిలో మార్చేది నేనే. ఆయన నవ్వి సరేనన్నాడు. ఆ రెండింటి కోసం మరెన్నో పీకేశాం, చివరికి కాస్త జాగా మిగిలింది కూడా.

మొదటి పెట్టెలు బల్మూర్ వైపు పెట్టాం. చక్కగా పనిచేశాయి. తర్వాత తెలకపల్లి దగ్గర ఒక ఊళ్ళో పెద్దాయన ఒకరు నా మాట నమ్మి, తన ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతులందరినీ ఒప్పించాడు. ఆయన కోడలిది మా అక్క అత్తగారి ఊరే. వేరుశనగ ఊడలు దిగే సమయం, ఒక్క తడి తప్పినా పంట దక్కదు.

దుకాణం నుంచి వచ్చిన కొత్త పెట్టెలకు లాప్‌టాప్ తగిలించాను. లాగిన్ ఉంటే తెర నా పేరు అడగాలి. అడగలేదు. ఏ పెట్టె తీసినా అంతే. పొలం గట్టు మీంచి బావకు ఫోన్ చేశాను.

"ఈసారి వంతులు ఈడ్నే పెట్టి పంపిన. నువ్వు బిగిచ్చి రా, పరేషాన్ గాకు" అన్నాడు.

బావ మాట కదా, బిగించాను. మధ్యాహ్నం కరెంటు వచ్చింది. బోర్లన్నీ ఒక్కసారే లేచాయి. ట్రాన్స్‌ఫార్మర్ మూలిగి, ఢామ్మని పేలి, పొగలు కక్కింది.

అటునుంచి అటే దుకాణానికి వెళ్ళాను. "లాగిన్ ఏమాయె బావా?"

"జాగ సరిపోలే."

"జాగ మిగిలింది. నా కండ్లతోని జూసిన."

ఆయన స్క్రూడ్రైవర్ తిప్పుతూనే చెప్పాడు. "గద్వాల డీలరు మాల్ మొత్తం తీస్కుంట అన్నడు. వేరేటోడు ఎవ్వడు లోపలికి పోరాదన్నడు."

"వేరేటోడంటే నేనా?"

"అడిగితే వద్దంటవని అడగలే."

"మరి వంతులు పెట్టిన అంటివి?"

"ఒక్కొక్కటి మార్చుకుంట కూసుంటే మాల్ ఎప్పుడు పోవాలె? ఒకపారి అన్ని కలిసి లేస్తే ఏమైతదిలే అనుకున్న."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది నా పని. డీలరుకు అమ్ముకున్నందుకు కాదు నా మంట. పొలం గట్టున నిలబడి అడిగినవాడికి, రైతులు చుట్టూ ఉండగా, తొణక్కుండా అబద్ధం చెప్పాడే, అందుకు. ఒళ్ళు మండిపోయింది.

పెట్టెలు విప్పడానికి మళ్ళీ తెలకపల్లి వెళ్ళాను. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ఇంకా రాలేదు. చేను తలవాల్చేసింది. నేను విప్పుతుంటే పెద్దాయన పక్కనే నిలబడ్డాడు.

"నువ్వే గద కొడుకా ఉండి బిగిచ్చింది. నువ్వు సుత మోసం జేస్తివా?"

బావ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. చెప్తే ఆ మాట కోడలి ద్వారా అక్క అత్తగారి ఊరు చేరుతుంది. అక్క అక్కడ తలెత్తుకు తిరగాలి. "నాదే తప్పు పెద్దనాయినా" అన్నాను.

ఆ మాటా ఊరు చేరింది. అక్క ఫోన్ చేసింది. హలో అనే లోపే అందుకుంది. "నమ్మి పని అప్పజెప్తే మీ బావ పేరు ఖరాబు జేస్తివి గదరా. మొఖం ఎట్ల జూపియ్యాలె నేను?"

అంతలో అక్క వెనకనుంచి బావ గొంతు వినిపించింది.

"పోనీ తియ్యి, చిన్నోడు. ఏమనకు."